నడుముకు కొయ్య పిస్తోలు

బంగారుపాళ్యం,
ఏప్రిల్ 9.

పెద్దనాయనకు భాను నమస్కారం.

లైసెన్సు వచ్చేసింది. మొన్న మంగళవారం చిత్తూరు కలెక్టరాఫీసులో సంతకం పెట్టి తెచ్చుకున్నాను. మొదట మీకే రాస్తా ఉండాను. ఫారాలు నింపింది మీరు, మీ శిష్యుణ్ణి పట్టుకొని నాకు కాల్చేది నేర్పించింది మీరు. మా నాయన బతికుంటే ఇంతకంటే ఏం చేసుంటాడు? పోలీసు లైన్లలో మనవి పక్కపక్క క్వార్టర్లు కాబట్టి సరిపోయింది, లేకుంటే ఈ కాలంలో చచ్చిపోయిన స్నేహితుడి కూతురి కోసం ఎవరు తిరుగుతారు? మీ రుణం ఎట్ల తీర్చుకోవాలో తెలీదు.

ఫోన్ చేస్తామంటే మీకు వినపడదు. ముప్పై ఏండ్లు తుపాకులు బాగుచేసి, ఒక్కోదాన్నీ పేల్చి చూసి, రెండు చెవులూ ఆ ఆర్మరీలోనే వదిలేసి వచ్చినారు. పోనీ వాట్సాపులో రాస్తామంటే తుపాకీ సంగతి ఫోన్లో పెట్టకూడదంటారు. సరే, కాగితమే.

పిస్తోలు ఎందుకో మొత్తం రాయమన్నారు, దాన్ని బట్టే ఏది కొనాలో చెప్తానన్నారు. మీకు తెలిసిందే, అయినా రాస్తాను. పోయిన సంవత్సరం పూతలపట్టు క్రాసులో మా ఆయన బాలచంద్ర మోటరుసైకిల్ని బొలేరో గుద్దింది, ఆయన ఆ రోడ్డు మీదనే పోయినాడు. నేను వెనకాల కూర్చోని ఉన్నాను. నడిపింది మామిడికాయల మండీ ఢిల్లీబాబు. వాడి మొగం బండి ముందరి అద్దంలోంచి చూసినాను. మా మీదికి స్టీరింగు తిప్పింది చూసినాను. వాడి కాటాలో మోసముందని మా ఆయన రైతులందరి తరపునా అర్జీ పెట్టిన వారానికే జరిగింది. వాడు యాక్సిడెంటు అంటాడు. కాదని చెప్పే సాక్షిని నేనొక్కదాన్నే. వాడిప్పుడు బెయిలు మీద బయట ఉండాడు. ఫిబ్రవరిలో ఇద్దరు మనుషులు మా తోట దోవలో బండి అడ్డం పెట్టి, "సాక్ష్యం చెప్పాలంటే మనిషి ఉండాల గదా మే" అని నవ్వి పోయినారు. స్టేషన్లో రాసిచ్చినాను. ఇంట్లో నేనూ నందినీ అంతే. పాపకు పద్నాలుగు.

అంగట్లో రెండు చూపించినారు. ఒకటి సన్నది, తూటాలు ఒకదాని మీద ఒకటి ఒకే వరసలో నిలబడి ఉంటాయి. ఇంకోటి లావుది, రెండు వరసలు. "మేడం, లావుదే తీసుకోండి, తూటాలు ఎక్కువ పడతాయి" అంటాడు అంగడాయన. నాకు బయటికి కనపడకుండా ఉండాల. అంతే నాకు కావాల్సింది. మీరు ఏది కొనమంటే అది కొంటాను.

మీ
భాను

*

తిరుపతి,
ఏప్రిల్ 16.

చిరంజీవి భానుకు పెద్దనాయన రాసేది.

రుణం గిణం అని ఒక పేజీ నింపినావు. ఇంకోసారి రాస్తే జాబు చించకుండా వెనక్కి పంపిస్తా. మీ నాయన కూడా ఇంతే, గ్లాసుడు మజ్జిగిస్తే పదిసార్లు చెయ్యెత్తి మొక్కేవాడు.

అంగడాయన మాట వదిలెయ్. వాడు అమ్మేవాడు, మోసేది నువ్వు. ఏడు తూటాలతో కాని పని పదహైదుతో కూడా కాదు. తొమ్మిది ఎంఎం అడగొద్దు, అది సర్కారుది, మనలాంటోళ్ళకు ఇయ్యరు. పాయింట్ థర్టీటూ చాలు. సన్నదా లావుదా అంటే, ఒంటి మీద దాచుకునేదానికి సన్నదే మేలు. చీరకట్టులో లావుది దాస్తే పిడకను దాచినట్టు ఉంటాది. కానీ సన్నదానికీ ఒక తిప్పలుండాది. చిన్న కుక్కకే అరుపు ఎక్కువ. బరువు తక్కువ కాబట్టి పేలినప్పుడు చేతిలో ఎగురుతాది, పిడి పొట్టిగా ఉంటే చిటికెన వేలు గాల్లో ఉంటాది. తూటా ఎక్కించే పై స్లయిడు నీ చేత్తో నువ్వే వెనక్కి లాగగలగాల, ఇంకొకరి సాయం కావాల్సొస్తే ఆ తుపాకీ నీది కాదు.

ఇవన్నీ రాస్తే తెలిసేవి కావు. ఆర్టీసీ కార్గోలో ఒక పెట్టె పంపిస్తా ఉండాను. దాంట్లో రెండు కొయ్య పిస్తోళ్ళు ఉంటాయి, వేపచెక్కతో నేనే చెక్కినాను, లోపల సీసం పోసి సరిగ్గా అసలుదాని బరువు తెచ్చినాను. ఒకటి సన్నది, ఒకటి లావుది. ఒక నెల దినాలు ఇవి తగిలించుకొని తిరుగు. తోటలో, బస్సులో, వంటింట్లో, యాడికి పోయినా సరే. పదహైదు రోజులు ఒకటి, పదహైదు రోజులు ఇంకోటి. నా దగ్గరికి సలహాకు వచ్చినోళ్ళందరికీ నేను ఇదే చెప్తాను, నీకొక్కదానికే కాదు.

ఇంకో పని. ఒక నోటుబుక్కు పెట్టుకో. నీ చెయ్యి దాని మీదికి పోయిన ప్రతిసారీ, యాడ పోయింది, ఎదురుగా ఎవరుండారు, రెండు మాటలు రాయి. అబద్ధం రాయొద్దు. నెలైనాక ఆ పుస్తకం నాకు పంపించు. అంతవరకూ అంగడి వైపు పోవద్దు.

ఇట్లు
దొరస్వామి

*

బంగారుపాళ్యం,
మే 24.

పెద్దనాయనకు నమస్కారం.

రుణం అనే మాట రాయను, సరేనా. కానీ ఆ కొయ్యల్ని చూసి ఒక గంటసేపు ఊరికే చేతిలో పట్టుకొని కూర్చున్నాను. అంచులు ఎంత నున్నగా తోమినారు. డెబ్బై ఏండ్ల మనిషి నాకోసం కూర్చోని చెక్కినాడని తలుచుకుంటే కడుపు నిండిపోయింది.

మొదట లావుది కట్టినాను. మీరు పిడక అన్నారు, కాదు, ఇటుకరాయి. కాయలు ఏరేదానికి వంగినప్పుడల్లా పక్కటెముకల్లో పొడిచింది. మూడో రోజే పట్టుబడినాను. మా తోటలో పనికొచ్చే చెంగమ్మ, "ఏం మే, నడుముకు ఏందో తగిలించుకున్నావు?" అనింది. నడుం నొప్పి, డాక్టరు పట్టీ ఇచ్చినాడు అన్నాను. ఇంక చూసుకోండి. ఒకామె నువ్వులనూనె తెచ్చె, ఒకామె వావిలాకు తెచ్చె, చెంగమ్మయితే నన్ను బోర్లా పండుకోబెట్టి తొక్కుతానని వెంటబడింది. దాచిపెట్టుకునే ఆయుధమంట, ఊరంతా నా నడుం గురించే మాట్లాడుకునింది.

సన్నది మేలు. చీర మీద కష్టమే, కుచ్చిళ్ళ దగ్గర జారతాది. చుడీదారు వేసి లోపల బెల్టు కట్టుకుంటే ఎవరికీ తెలీలేదు. బస్సులో కూర్చున్నా గుచ్చలేదు. హ్యాండుబ్యాగులో పెట్టి చూసినాను, జిప్పు తీసి, దువ్వెనా తాళాలూ పక్కకు తోసి, అందుకొనేలోపు నేను పది అంకెలు లెక్కపెట్టినాను. బ్యాగు పనికిరాదు.

పుస్తకం దీంతోపాటే పంపిస్తా ఉండాను. అబద్ధం ఒక్కటి కూడా రాయలేదు. మండీ తెరిచినారు, కాయలు తోలుతా ఉండాము. ఇప్పుడు చెప్పండి, సన్నదే కొనేదా? జూన్ మొదటి వారంలో చిత్తూరు పోతాను.

మీ
భాను

*

తిరుపతి,
జూన్ 2.

చిరంజీవి భానుకు.

నడుం నొప్పి సంగతి చదివి ఒక్కణ్ణే కూర్చోని నవ్వినాను. మీ పెద్దమ్మ వచ్చి ఏమైందని అడిగితే ఆమెకూ చదివి వినిపించినాను.

నువ్వు పట్టింది నిజమే. సన్నది, ఒంటి మీద, చుడీదారు లోపల. ట్రిగ్గరును కప్పేసే గట్టి తోలు ఒర ఉండాల, మెత్త సంచి కాదు. బ్యాగు వద్దే వద్దు, పాపకు కూడా అందుతాది. ఏది కొనాల అనే ప్రశ్నకు జవాబు అంతే.

కానీ ఇప్పుడే కొనొద్దు.

పుస్తకం మూడుసార్లు చదివినాను. నీ చెయ్యి నెలలో పంతొమ్మిదిసార్లు పోయింది. దాంట్లో తోట దోవలో మూడు. వెనకాల బండి చప్పుడైనప్పుడు రెండు, కుక్క ఉరికొచ్చినప్పుడు ఒకటి. తక్కిన పదహారూ యాడ? మండీలో. పట్టపగలు, నూరుమంది మధ్యలో. పదహారుసార్లూ ఎదురుగా ఢిల్లీబాబే. నీ రాతలోనే చూపిస్తాను సూడు. "కాటా పక్కన నిలబడి టీ తాగతా ఉండాడు. నా వైపు చూడలేదు." ఇంకోటి: "వదినా బాగుండావా అన్నాడు." ఇంకోటి: "వాడి కొడుక్కు కొత్త చొక్కా."

నీ వైపు చూడని మనిషిని చూసి నీ చెయ్యి ఎందుకు పోయింది మ్మే? వాని కొడుకు చొక్కా నిన్ను ఏం చేస్తాదని?

భయంతో పొయ్యే చెయ్యి వేరు. నేను ముప్పై ఏండ్లు మనుషుల చేతులు చూసినోణ్ణి. ఇది అది కాదు. నాకు నిజం రాయి.

దొరస్వామి

*

బంగారుపాళ్యం,
జూన్ 7.

పెద్దనాయనకు.

మీరు పిస్తోలు గురించి చెప్తారని పుస్తకం పంపినాను. నా మనసు చదవమని పంపలేదు.

మీకేం తెలుసు? రోజూ కాయలు తోలుకొని వాడి మండీ ముందర నుంచే పోవాల. వేరే దోవ లేదు. వాడు నన్ను వదినా అంటాడు. నవ్వతాడు. ఆరోజు రోడ్డు మీద మా ఆయన తల నా ఒళ్ళో ఉన్నింది, వాడు బండి కొంచెం ఆపి, వెనక్కి చూసి, మళ్ళీ పోయినాడు. ఆ మనిషి టీ తాగతా ఉంటే నేను ఏమనుకోవాల?

అవును, కోపమే. ఉండకూడదా? కోర్టు ఎప్పుడు పిలుస్తాదో, వాయిదాలు ఎన్ని ఇస్తాదో. లైసెన్సు నా పేరున ఉండాది, కొనేది నా ఇష్టం.

భానుశ్రీ

*

తిరుపతి,
జూన్ 14.

అమ్మా భానూ,

నీ ఇష్టమే. నేను ఆపలేను, చెవుడు ముసలోణ్ణి. కానీ ఒక సంగతి రాస్తాను. మీ నాయనకు తెలుసు, మీ పెద్దమ్మకు తెలుసు. మూడో మనిషికి చెప్పలేదు.

నేను ఆర్మరీలో ఉన్నప్పుడు తిరుమలయ్య అని ఒక కానిస్టేబులు. మంచోడు, ఎవరి జోలికీ పొయ్యేవాడు కాదు. ఒకరోజు పొద్దున డ్యూటీ చీటీ తెచ్చి పిస్తోలు అడిగినాడు. చీటీ సరిగ్గా ఉన్నింది. నేను పిస్తోలు నంబరు చూసినాను, స్లయిడు లాగి చూసినాను, తూటాలు లెక్కపెట్టి ఇచ్చి సంతకం తీసుకున్నాను. అన్నీ చూసినాను. ఆ మనిషి మొగం చూడలేదు. వాడు సంతకం పెట్టేటప్పుడు రెండో చెయ్యి ఒరమీదనే ఉన్నింది, అది కంట్లో పడింది, అయినా పట్టించుకోలేదు. మధ్యాహ్నానికి ఐరాల దగ్గర వాళ్ళ ఊరికి పోయి, నీళ్ళ కాలవ తగాదాలో సొంత అన్నను కాల్చేసినాడు.

తుపాకీ బాగా పనిచేసింది. నేను బాగుచేసిన తుపాకీ గదా.

శిక్ష పడింది. జైల్లోనే జబ్బుచేసి పోయినాడు. అన్న వాడికి ఏం అన్యాయం చేసినాడో ఎవరికీ గుర్తులేదు, వాడు చేసిందే మిగిలింది. వాడి భార్య గురవమ్మ ఇద్దరు బిడ్డలతో తిరుపతికి వచ్చి పూలు కట్టి బతికింది. నేను అప్పుడప్పుడు పోయి వస్తా ఉంటాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనింటే బాగుండు. ఆమె కొడుకు ఒకసారి అడిగినాడు, "మా నాయనకు మాకంటే ఆ కాలవే ఎక్కువా తాతా?" అని.

అప్పటి నుంచే కొయ్య పిస్తోళ్ళు చెక్కతా ఉండాను. సన్నదా లావుదా చూసేదానికని చెప్తాను. అది సగం నిజం. నీకూ సగమే చెప్పినాను, దానికి నన్ను క్షమించు. రెండో సగం ఆ పుస్తకం. పిస్తోలు నడుముకు సరిపోతాదా అని మనిషి చూసుకుంటాడు, మనిషి పిస్తోలుకు సరిపోతాడా అని నేను చూస్తాను.

నీ కోపం తప్పని నేను అనలేదు. ఉండకపోతే నువ్వు మనిషివే కాదు. కానీ నీ కళ్ళతో చూసింది చెప్పేదానికి నువ్వొక్కదానివే ఉండావు. నువ్వు వాణ్ణి కాలిస్తే బాలచంద్ర కేసు ఆరోజుతో మూసేస్తారు. చచ్చినోడు వాడైపోతాడు, నేరస్తురాలివి నువ్వైపోతావు. నందిని ఎవరి బిడ్డని ఊరు చెప్పుకుంటాదో ఆలోచించు.

దోవలో ఆ మూడుసార్ల భయం నిజమైంది. దానికి మందుండాది. సర్కారు లాయరు పీపీ గారి ద్వారా కోర్టుకు అర్జీ పెట్టు, సాక్షికి రక్షణ కావాలని. కాగితం రాసి దీంట్లోనే పెట్టినాను, నువ్వు సంతకం పెడితే చాలు. సాక్ష్యం అయినాక కూడా భయం ఉంటే నేనే చిత్తూరుకు వస్తాను, ఇద్దరం పోయి సన్నదే కొందాము.

అంతవరకూ ఆగు. నీ కాళ్ళు పట్టుకొని అడగతా ఉండాను అనుకో.

పెద్దనాయన

*

బంగారుపాళ్యం,
జూలై 1.

పెద్దనాయనకు నమస్కారం.

మీ జాబు వచ్చి పది దినాలైంది. జవాబు రాసేదానికి మొగం చెల్లలేదు. కాళ్ళు పట్టుకుంటానని మీరు రాయడమేంది, ఆ మాట చదివి నేను ఏడ్చినాను.

మీరు అన్నదే నిజం. కొనేది దోవ భయానికని మీకు రాసినాను, నందినికి చెప్పినాను, కలెక్టరాఫీసులో కూడా చెప్పినాను. నాకు నేను కూడా అదే చెప్పుకుంటా ఉన్నాను. పుస్తకంలో ఒక్కో మాటా రాసేటప్పుడు కూడా తెలీలేదు, అన్నీ కలిపి మీరు చూపిస్తే తెలిసింది. ఒకరోజు వాడు కాటా దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు దూరం ఎన్ని అడుగులుంటాదో కొలుచుకున్నాను కూడా. ఈ సంగతి ఇంకెవరికీ తెలీదు. మీకు చెప్తే బరువు దిగింది.

అర్జీ ఇచ్చినాము. కొత్త ఎస్సై నిస్సీ మేడం అని, ఆమె వచ్చి ఇల్లూ తోటా అంతా చూసి, దోవలో ఒక కెమెరా పెట్టించి, పొద్దున సాయంత్రం ఒక కానిస్టేబుల్ని పంపిస్తా ఉండారు. ఆ ఇద్దరు మనుషులూ మళ్ళీ కనపళ్ళేదు. కాయలు ఇంక మండీకి తోలడం లేదు, నేరుగా పల్ప్ ఫ్యాక్టరీకే పంపిస్తా ఉండాను. రోజూ వాణ్ణి చూసేది తప్పింది. ఇంత సులభమైన పని నాకు ముందే ఎందుకు తోచలేదో. చూడాలనే పోతా ఉన్నానేమో.

మీకు కోపం తెప్పించే మాట ఒకటి రాస్తాను, ఈ ఒక్కసారికి వెనక్కి పంపించకుండా చదవండి. రుణపడి ఉండాను. మీరు నాకు పిస్తోలు ఎంచిపెట్టి ఉంటే కూడా ఇంత రుణం ఉండేది కాదు.

మీ
భాను

*

తిరుపతి,
ఆగస్టు 11.

చిరంజీవి భానుకు.

సమన్లు వచ్చినాయని మీ ఎస్సైతో చెప్పించినావు, సంతోషం. ఇరవై ఆరో తేదీ గదా. నేను రావాలని ఉండాది గానీ మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు, వచ్చినా లాయర్లు అరిచేది వినపడదు.

రెండే మాటలు. చూసిందే చెప్పు, చూడంది కలపొద్దు. ఎదుటి లాయరు నీకు కోపం తెప్పించాలని చూస్తాడు, అది వాడి పని. నీ చేతులు ముందర కట్టుకొని నిలబడు. కోపం వచ్చినా దాచుకోవద్దు, అడిగితే ఉండాదని చెప్పు.

నందినిని ఇంట్లో ఒక్కదాన్నే వదలొద్దు.

ఆశీస్సులతో
పెద్దనాయన

*

బంగారుపాళ్యం,
ఆగస్టు 28.

పెద్దనాయనకు భాను వేలసార్లు నమస్కారాలు.

చెప్పేసినాను. మొదటి నుంచి చివరిదాకా, రెండు గంటలసేపు. ఢిల్లీబాబు పది అడుగుల దూరంలో ఉన్నాడు. బొలేరో నడిపింది ఎవరు అని పీపీ అడిగితే చెయ్యి చాపి చూపించినాను.

వాడి లాయరు తెలివైనోడు. "నీకు తుపాకీ లైసెన్సు ఉండాదా?" అన్నాడు. ఉండాదన్నాను. "పగ తీర్చుకునేదానికే గదా తీసుకున్నావు?" అన్నాడు. దోవలో బెదిరించినారు కాబట్టి తీసుకున్నానని, స్టేషన్లో రాసిచ్చిన కాగితం ఉండాదని చెప్పినాను. "అయితే తుపాకీ యాడ?" కొనలేదన్నాను. "అంత భయమున్న మనిషివి నాలుగు నెలలుగా ఎందుకు కొనలేదు?" అని గట్టిగా అడిగినాడు. నేను అబద్ధం చెప్తానని అనుకున్నట్టుండాడు.

మా పెద్దనాయన కొనొద్దన్నాడు సార్ అన్నాను. కోపంతో కొనేది కాదు, ఆగమన్నాడు.

"అంటే కోపం ఉండిందన్నమాట" అన్నాడు.

"ఉండింది సార్. మొగుణ్ణి కళ్ళముందర చంపితే కోపం లేకుండా ఎట్లుంటాది? కాబట్టే కొనలేదు."

జడ్జిగారు తలెత్తి, మీ పెద్దనాయన ఏం చేస్తారమ్మా అని అడిగినారు. పోలీసు ఆర్మరీలో తుపాకులు బాగుచేసి రిటైరైనారని చెప్పినాను. ఆమె రాసుకున్నారు. లాయరు ఇంకో రెండు ప్రశ్నలడిగి కూర్చున్నాడు. మళ్ళీ వాయిదా ఉండాది, తీర్పు ఎప్పుడో తెలీదు. అయినా నా పని నేను చేసినాను. బయటికొస్తా ఉంటే పీపీ గారు, "ఆమె సాక్ష్యాన్ని ఇంక ఎవరూ కదిలించలేరు" అన్నారు. మీరు విని ఉంటే బాగుండు.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని రాయాలనే కూర్చున్నాను, రాయలేక ఇంతసేపు తిప్పినాను.

నందినిని వాళ్ళ స్టెల్లా టీచరుతో కోర్టు మెట్ల మీద కూర్చోబెట్టి పోయినాను. బయటికి రాంగానే పరిగెత్తి వచ్చి నన్ను పట్టుకొని, "అయిపోయిందామ్మా?" అనింది. అయిపోయిందన్నాను. "అయితే ఇంక నువ్వు ఎవర్నీ కాల్చవు గదా?" అనింది.

నీకెవరు చెప్పినారే అన్నాను. ఎవరూ చెప్పలేదంట. ఎండాకాలం సెలవుల్లో నేను తలుపు దగ్గరికేసుకొని, అద్దం ముందర నిలబడి, ఆ కొయ్యను తీసి అద్దంలోకి చూపించి, వాడి పేరు పలుకుతా ఉంటే సందులోంచి చూసిందంట. ఒకసారి కాదు, శానాసార్లు. పెద్దనాయనా, పుస్తకంలో అబద్ధం రాయలేదని మీకు చెప్పినాను. అద్దం సంగతి అసలు రాయనేలేదు. అదొక్కటి దాచినాను, ఆ ఒక్కటే నా బిడ్డ కంట్లో పడింది.

స్టెల్లా టీచరు తల వంచుకొని, "మే నెలలోనే నన్ను అడిగిందండీ, మా అమ్మ జైలుకు పోతే నన్ను మీ ఇంట్లో ఉంచుకుంటారా అని. సరేనన్నాను. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకునింది" అన్నారు. మూడు నెలలుగా నాతో కూర్చోని సంగటి తింటా, నాతో నవ్వతా, నా బిడ్డ మనసులో ఆ లెక్కేసుకొని తిరగతా ఉండింది. నేను దాన్ని కాపాడతా ఉండానని అనుకున్నాను.

పిస్తోలు సంగతి ఇప్పుడే చెప్పలేను. దోవ భయం ఇంకా రవ్వంత ఉండాది, కెమెరా ఉన్నంతవరకూ పర్వాలేదు. ఈ ఇంట్లో ఇంకో మనిషుండాదని నాకు బుద్ధొచ్చింది. ఆమెను అడగకుండా ఏదీ ఈ ఇంట్లోకి తీసుకురాను.

మీకు ఏమని రాయాల? థాంక్సు అంటే మీకు కోపం, అనకుంటే నాకు ఊపిరాడదు. ఆ జూన్ నెలలో మీరు గమ్మున ఉండి, సన్నదే కొనుక్కో పాపా అని ఒక్క మాట రాసింటే చాలు, ఈపొద్దు నేను ఎట్లుండేదాన్నో, నా బిడ్డ ఎవరింట్లో ఉండేదో. మీరు తిట్టించుకొని కూడా ఆపినారు. మీరు చల్లగా ఉండాల, పెద్దమ్మా మీరూ నూరేండ్లు ఉండాల.

కోర్టు నుంచి ఇంటికొచ్చినాక నందిని మంచం కింద నుంచి ఒక బ్యాగు లాగింది. టీచరింటికి పొయ్యేదానికని ఎప్పుడో సర్దిపెట్టుకునిందంట. ఇద్దరం కూర్చోని ఖాళీ చేసినాము. రెండు చుడీదార్లు, స్కూలు డ్రస్సు, సోపుపెట్టె, వాళ్ళ నాయన ఫోటో. దాని కిందనే నా ఫోటో కూడా ఉన్నింది.

మీ
భాను